నాటు గొంతు, కరెంటు గిటార్

(విజయవాడలో సంగీతాభిమానులైన మిత్రులు ఏర్పాటు చేసుకున్న ఒక సాయంకాలం సభలో చేసిన ప్రసంగం. మధ్యమధ్యలో పాటలు వినిపించిన చోట్ల గుర్తు పెట్టాం.)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘సంగీత పరిశోధకులు’ అన్నారు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను పిల్లల డాక్టర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వినే సంగీతమంతా సూది కనిపించగానే మొదలయ్యేదే. (నవ్వులు) 2010 నుంచి 2016 దాకా ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివాను. చదువుతో పాటు పాటల పిచ్చి కూడా అంటించుకుని వచ్చాను. మీ ముందు నిలబడటానికి అంతకు మించి అర్హత లేదు.

ఉక్రెయిన్ అనగానే మనవాళ్ళకి రెండు గుర్తొస్తాయి. ఒకటి, 2022లో బాంబుల మధ్య నుంచి మన పిల్లలు ఆపరేషన్ గంగ విమానాల్లో ఇల్లు చేరడం. రెండోది ‘నాటు నాటు’. ఆ పాట తీసింది కీవ్‌లో, మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు. అది ఆ దేశాధ్యక్షుడి అధికార భవనం. 2021 ఆగస్టులో షూటింగ్ జరిగింది, ఆరు నెలలు తిరగ్గానే యుద్ధం వచ్చింది. మన ఊరి నాటు స్టెప్పు వాళ్ళ రాజభవనం ముందు దుమ్ము లేపిందని మనం సంబరపడ్డాం. వాళ్ళ నాటు ఎలా ఉంటుందని మాత్రం ఎవరం అడగలేదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

నేను చదివిన ఊరు ఇవానో-ఫ్రాంకీవ్‌స్క్. దేశానికి పడమర, కార్పతియన్ కొండల మొదట్లో ఉంటుంది. మూడో ఏడు హాస్టల్ వదిలేసి ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆవిణ్ణి ‘బాబా’ అని పిలిచేవాణ్ణి. బాబా అంటే మనకి సాయిబాబా, వాళ్ళకి నానమ్మ. నేను ఇంటికి ఫోన్ చేసి “బాబా వంట చేస్తోంది” అంటే మా అమ్మ చాలాసేపు కంగారు పడింది. (నవ్వులు)

ఆవిడ హుత్సుల్ మనిషి. హుత్సుల్ అంటే ఆ కొండల్లో ఉండే జనం. ఆదివారాలు వరేనికీ చేసేది. చూడ్డానికి బుల్లి కజ్జికాయల్లా ఉంటాయి, లోపల బంగాళదుంప ముద్ద పెట్టి నీళ్ళలో ఉడికిస్తారు. అంచులు నొక్కుతూ పాడేది. మొదటిసారి విన్నప్పుడు పక్కింట్లో ఎవరితోనో గొడవ పడుతోందేమో అనుకుని పరుగెత్తాను. అంత గట్టిగా, అంత సూటిగా ఉంది ఆ గొంతు.

దాన్ని వాళ్ళు ‘బీలీ హోలొస్’ అంటారు, అంటే తెల్ల గొంతు. ఏ రంగూ పూయని గొంతు అన్నమాట. డాక్టర్ని కదా, కాస్త శరీరం సంగతి చెప్పనివ్వండి. పాడుతూ పైస్థాయికి వెళ్ళేకొద్దీ మామూలుగా మన గొంతు సన్నబడుతుంది, తలలో మోగినట్టుంటుంది. వీళ్ళు అలా సన్నబడనివ్వరు. ఛాతీలోంచి వచ్చే బరువైన స్వరాన్నే పైకి లాక్కుపోతారు. మాట్లాడే గొంతే అది. కాకపోతే పొలానికి ఆ చివర ఉన్న మనిషితో మాట్లాడే గొంతు. వణుకు ఉండదు, వగలు ఉండవు. నలుగురు కలిస్తే ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు కింద నుంచి అందుకుంటారు, ఒక్క గొంతు మాత్రం అందరి మీదుగా పైకి లేచి గద్దలా తిరుగుతుంది. పొల్తావా, ద్నీప్రో మైదానాల పల్లెల్లో ఈ గుంపు పాట మహా గొప్పగా ఉంటుంది. ద్నీప్రొపెత్రొవ్‌స్క్ ప్రాంతపు కొసాక్కు పాటల్ని, అంటే ఒకప్పుడు ఆ మైదానాలేలిన గుర్రపు యోధుల పాటల్ని, 2016లో యునెస్కో, వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వం జాబితాలో చేర్చింది.

రెండు నిమిషాలు వినండి. ఏ వాయిద్యమూ లేదు.

(పాట వినిపించారు)

చెవులు మూసుకున్నవాళ్ళని చూశాను. (నవ్వులు) ఫరవాలేదు, నేనూ మూసుకున్నాను. ఇది నాలుగ్గోడల మధ్య పాడటానికి పుట్టిన గొంతు కాదు. ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. ఒక వైపు డ్రమ్స్, ఒక వైపు కరెంటు గిటార్, ఆ హోరు మధ్యలో మామూలు గొంతు పెడితే ఏమవుతుంది? మునిగిపోతుంది, మైకు పెంచి పైకి లాగాలి. ఈ గొంతు మునగదు. రాక్ సంగీతం పుట్టకముందే రాక్ కోసం తయారై కూర్చున్న గొంతు ఇది. ఆ సంగతి ఉక్రెయిన్ బ్యాండ్లకి తెలిసి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే ఒక ప్యాంటు గురించి చెప్పాలి.

కొసాక్కు బొమ్మ చూశారా? పిలక, మీసాలు, ఎర్రటి వదులు ప్యాంటు. ఆ ప్యాంటుని ‘షరవారీ’ అంటారు. పారశీకం నుంచి వెళ్ళిన మాట. మన సల్వార్ కమీజులో సల్వారు ఉంది చూశారా, అదే మాట, అదే ఇంటిపేరు. సోవియట్ కాలంలో ప్రభుత్వం జానపద బృందాలు పెట్టింది. కుట్టుపని చొక్కాలు, ఎర్ర బూట్లు, తలల మీద పూల కిరీటాలు, అందరి ముఖాల మీదా ఒకే కొలత నవ్వు. పల్లెపాటని తీసుకుని, సంగీత కళాశాల గొంతుతో నున్నగా దిద్ది, పండగ రోజుల్లో స్టేజీ ఎక్కించేవాళ్ళు. దీనికి ఉక్రెయినీ జనమే ఒక ఎకసెక్కపు పేరు పెట్టుకున్నారు: ‘షరవార్షినా’. ప్యాంటుగిరీ అనుకోండి. పాట పోయి ప్యాంటు మిగలడం.

అదే సమయంలో అసలు పాడేవాళ్ళ గతి ఏమిటి? కొబ్జార్లని ఉండేవాళ్ళు. ఊరూరా తిరుగుతూ బందూరా అనే తీగల వాయిద్యం మీటుతూ పాత వీరగాథలు పాడేవాళ్ళు, చాలామంది చూపు లేనివాళ్ళు. 1930లలో ఆ సంప్రదాయం నలిగిపోయింది. బందూరా వాయిద్యానికి శాస్త్రం రాసిన పండితుడు, రచయిత హ్నాత్ ఖోత్‌కేవిచ్‌ని 1938లో కాల్చి చంపారు. పాటని స్టేజీ మీద నిలబెట్టి పాటగాణ్ణి గోడకి నిలబెట్టిన కాలం అది. అంతకు ముందు రష్యా చక్రవర్తులు, జార్ల పాలన మాత్రం తక్కువ తిన్నదా? 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఎమ్స్ అనే జర్మన్ ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటూ ఒక హుకుం మీద సంతకం పెట్టాడు. ఉక్రెయినీలో పుస్తకాలు కూడదు, నాటకాలు కూడదు, ఆఖరికి స్వరాల కింద పాట సాహిత్యం అచ్చు వేయడం కూడా కూడదు. స్వరం వేసుకోవచ్చట, మాట కూడదట! ఇలాంటి చరిత్ర వెనకాల ఉంటే, అక్కడ గిటారు పట్టుకుని ఒక పల్లెపాట పాడటం ఉత్త సరదా అవ్వదు.

ఇప్పుడు మా వృత్తివాడి గురించి. వొలొదిమిర్ ఇవాసియుక్. చెర్నివ్‌త్సీలో మెడిసిన్ చదువుతున్న కుర్రాడు. కొండల్లో ‘కొలొమీకా’ అనే చిన్న పాటలుంటాయి, పాదానికి పద్నాలుగు అక్షరాలు, ఎనిమిది మీద ఒక విరుపు, తర్వాత ఆరు. సరసం, వేళాకోళం, వీధి తగాదా, ఏదైనా అప్పటికప్పుడు కట్టేస్తారు. ఆ కొలొమీకల్లో ఇతనికి ‘చెర్వోనా రూతా’, అంటే ఎర్ర రూతా, అనే మాట తగిలింది. రూతా మొక్క పూసేది పసుపు పూలు. అది ఎర్రగా పూస్తే ప్రేమ మహిమ అని కొండజనం చెప్పుకుంటారు. ఆ పేరు మీద కుర్రాడు ఒక పాట కట్టాడు. 1970 సెప్టెంబరులో చెర్నివ్‌త్సీ ఊరి కూడలిలోంచి టీవీలో వచ్చింది, ఆ తర్వాత సోవియట్ దేశమంతా పాడుకున్నారు. దాన్ని మోసుకెళ్ళిన బృందాల్లో ‘స్మెరిచ్కా’ ఒకటి, విఝ్నిత్సియా అనే చిన్న కొండ ఊళ్ళో 1966లో పుట్టింది. అప్పట్లో రాక్ బ్యాండ్ అని చెప్పుకుంటే ఇబ్బంది, అందుకని ‘గాత్ర-వాద్య బృందం’ అని ప్రభుత్వ భాషలో ముద్దుగా ఒక పేరు ఉండేది. గిటార్లు ఉన్నాయి, డ్రమ్స్ ఉన్నాయి, రాక్ మాత్రం కాదు!

ఇవాసియుక్ 1979 ఏప్రిల్‌లో కనపడకుండా పోయాడు. మే నెలలో ల్వీవ్ దగ్గర అడవిలో చెట్టుకి వేలాడుతూ దొరికాడు. వయసు ముప్పై. ఆత్మహత్య అని తేల్చారు, జనం నమ్మలేదు. శవయాత్రకి వేలమంది వచ్చారు. ఆ రోజుల్లో అనుమతి లేకుండా అంతమంది వీధిలోకి రావడమే ఒక తిరుగుబాటు. మా కాలేజీలో సీనియర్ ప్రొఫెసరొకాయన అనాటమీ క్లాసులో ఒకసారి పాఠం ఆపి, “మీకంటే ముందు ఇక్కడి మెడిసిన్ కుర్రాడొకడు పాట రాశాడు” అని మొదలుపెట్టి పాడేశాడు. పరీక్షలో ఆయన అడిగిన ప్రశ్నలేవీ గుర్తు లేవు కానీ ఆ పాట గుర్తుంది.

పదేళ్ళకి, 1989లో, అదే చెర్నివ్‌త్సీలో అదే పాట పేరు మీద ఉత్సవం పెట్టారు. సోవియట్ రాజ్యం ఇంకా కూలలేదు. పోటీకి రావాలంటే ఉక్రెయినీలోనే పాడాలి. అప్పటిదాకా ఆ దేశపు పట్నాల్లో రాక్ అంటే రష్యన్‌లో ఉండాలి. ఉక్రెయినీలో పాడితే ఊరోడు, బైతు. ఆ లెక్కని తిరగేసినవాళ్ళలో ముఖ్యులు కీవ్ బ్యాండ్ ‘వొప్లీ విదోప్లియాసొవా’. 1986లో మొదలైంది. నోరు తిరగదు కాబట్టి అందరూ ‘వీవీ’ అంటారు, మనమూ అలాగే అందాం. పాటగాడు ఒలెహ్ స్క్రిప్కా ఏం చేశాడంటే, పంక్ రాక్ మధ్యలోకి బయాన్ పట్టుకొచ్చాడు. బయాన్ అంటే మీటల అకార్డియన్, మన హార్మోనియంకి దూరపు చుట్టం. పల్లెటూరి పెళ్ళిలో తాగినవాళ్ళు ఎగురుతుంటే వాయించేది. దాన్ని దాచకుండా, నున్నగా చెయ్యకుండా, ఆ పెళ్ళి తిక్కతోనే వాయించాడు. 1990లలో కొన్నేళ్ళు ఫ్రాన్స్‌లో ఉండి వచ్చాక, 2004లో కీవ్‌లో ‘క్రాయినా మ్రీయ్’ అని జానపద సంగీత ఉత్సవం కూడా మొదలుపెట్టాడు.

అదే 2004లో రుస్లానా అనే గాయని ఇస్తాంబుల్‌లో యూరోవిజన్ గెలిచింది. యూరోవిజన్ అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ. హుత్సుల్ లయలు, త్రెంబీతా బూర, తోలు బట్టలు, నిప్పులు. త్రెంబీతా మూడు మీటర్లుండే చెక్క బూర. పిడుగు పడ్డ చెట్టుతో చేస్తే బాగా పలుకుతుందని అంటారు. కొండల్లో గొర్రెల కాపరులు ఊదుతారు, చావు కబురు కూడా దానితోనే చెబుతారు. నేను దిగేసరికి ఆ గెలుపు జరిగి ఆరేళ్ళైంది, అయినా మా బాబాకి కోపం తగ్గలేదు. “బూర మాదే, సరే. ఆ తోలు ముక్కలు ఎవరివి? మా కొండల్లో అలా తిరిగితే చలికి చస్తారు” అనేది. నాకు రుస్లానా పాట ఇష్టమే. కానీ బాబా పట్టుకున్నది ఏమిటో తర్వాత అర్థమైంది. అక్కడ ఇంకా ప్యాంటే ముందుంది, అది తోలుదైనంత మాత్రాన తేడా లేదు.

గొంతు ముందుకొచ్చింది మాత్రం ‘దఖా బ్రఖా’తో. ఇదీ 2004లోనే, కీవ్‌లో ‘దఖ్’ అనే చిన్న నాటకశాలలో పుట్టింది. దర్శకుడు వ్లాదిస్లావ్ త్రోయిత్‌స్కీ. నలుగురు మనుషులు, అందులో ముగ్గురు ఆడవాళ్ళు, జానపద సంగీతం చదువుకున్నవాళ్ళు. పల్లెలకి వెళ్ళి ముసలమ్మల పక్కన కూర్చుని పాట పట్టినవాళ్ళు. వాయిద్యాలు చూస్తే అసలు పొంతన ఉండదు: చెల్లో అనే పెద్ద వయొలిన్, అకార్డియన్, అరబ్బు డప్పు, ఆఫ్రికా డప్పు. తమ సంగీతాన్ని వాళ్ళే ‘ఎత్నో ఖవోస్’ అంటారు, అంటే జానపద గందరగోళం. ఇది రాక్ కాదని గీత గీసేవాళ్ళు గీసుకోవచ్చు, ఆ చెల్లోని బేస్ గిటారులా కొడుతుంటే వినండి, తర్వాత మాట్లాడదాం.

(పాట వినిపించారు)

గమనించారా? చుట్టూ ప్రపంచమంతా తెచ్చి పెట్టారు, పాడే పద్ధతిని మాత్రం అంగుళం కదపలేదు. జానపదం కలపడం అంటే మనం మామూలుగా ఏం చేస్తాం? బాణీ తీసుకుంటాం, గొంతు సినిమా గొంతు పెడతాం, రెండు డప్పులు వేస్తాం. వీళ్ళు తిరగేశారు. బాణీ మారితే మారనీ, తాళం ఎక్కడిదైనా కానీ, గొంతు మాత్రం ఊరిది. నా మట్టుకు నాకు ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

‘గో ఏ’ అనే బ్యాండ్ దీన్ని ఇంకా దూరం తీసుకెళ్ళింది. 2021లో రోటర్‌డామ్ యూరోవిజన్‌లో ‘షుమ్’ పాడారు. షుమ్ అంటే హోరు. ఉత్తరాన పొలీస్యా అడవుల్లో చలి విరిగే వేళ ఆడపిల్లలు ఆట ఆడుతూ షుమ్‌ని పిలిచే పాటలున్నాయి. షుమ్ అంటే అడవి దేవరలాంటివాడు. వీటిని ‘వెస్నియాంకా’ అంటారు, వసంతపు పిలుపులు. పాటకి స్వరాలు మహా అయితే నాలుగైదు. తిప్పితిప్పి అదే పాడతారు. ఎందుకంటే అది కచేరీ పాట కాదు, వసంతం వచ్చేదాకా పిలవాలి, పిలుస్తూనే ఉండాలి. ఇప్పుడు కంప్యూటర్ సంగీతం ఏం చేస్తుంది? అదే ముక్కని తిప్పితిప్పి వేస్తుంది. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి! గాయని కతెరీనా పావ్లెంకో తెల్ల గొంతుతో నెమ్మదిగా ఎత్తుకుంటుంది, సోపిల్కా అనే పిల్లనగ్రోవి తోడవుతుంది, నిమిషం గడిచేకొద్దీ వేగం పెరుగుతుంది, చివరికి పూనకం. ఆమె నవ్వదు. తల మీద పూల కిరీటం లేదు. పోటీ నిబంధనలకి తగ్గట్టు పాటని ముందు కొంత తిరగరాయాల్సి వచ్చింది, అయినా ఊపు పోలేదు. మొత్తం మీద ఐదో స్థానం, 364 పాయింట్లు. జనం వేసిన ఓట్లలో మాత్రం రెండో స్థానం. ఒక్క ముక్క అర్థం కాకుండానే యూరప్ జనం ఊగిపోయారన్నమాట.

ఈ పాటలు కుర్ర బ్యాండ్లకి ఎక్కడ దొరికాయి అంటే, దాచినవాళ్ళు ఉండబట్టి దొరికాయి. 1908లో ల్వీవ్ నుంచి ఫిలరెత్ కొలెస్సా అనే పండితుడు మైనపు గొట్టాల ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ పొల్తావా వైపు వెళ్ళి కొబ్జార్ల గాథలు రికార్డు చేశాడు. ఖర్చు పెట్టింది కవయిత్రి లేస్యా ఉక్రాయింకా, పేరు బయటికి రాకుండా. ఆవిడ అప్పటికే ఎముకల క్షయతో తీసుకుంటున్న మనిషి. వందేళ్ళు దాటాక మిక్లోష్ బోత్ అనే హంగేరీ సంగీతకారుడు ‘పొలిఫొనీ ప్రాజెక్ట్’ అని మొదలుపెట్టాడు. పల్లెలకి వెళ్ళి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో మైకు పెట్టి రికార్డు చేయించాడు. ఇంటర్నెట్‌లో వింటూ ఒక ముసలమ్మ గొంతు ఉంచి మిగతావి తగ్గించుకోవచ్చు, మీ గొంతు కలపొచ్చు. పాట నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి నేను చూడలేదు. మన ఊళ్ళలో వరినాట్ల పాటలకి ఎవరైనా ఇలా చేస్తారా అని అడగాలనిపిస్తుంది, అడుగుతున్నాను.

చట్టం కూడా ఒక చెయ్యి వేసింది. 2016 నవంబరు నుంచి రేడియోల్లో ఉక్రెయినీ పాటలు ఇంత శాతం ఉండాలని పెట్టారు. మొదటి ఏడు 25, తర్వాత 30, ఆ తర్వాత 35. బలవంతపు సంగీతం అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ రేడియోకి పాటలు కావాలి, పాటలకి బ్యాండ్లు కావాలి. అలా కొత్తవాళ్ళకి చోటు దొరికింది.

2022 మీకు తెలుసు. ఫిబ్రవరి 24న యుద్ధం. మూడు రోజులకి, 27న, ‘బూమ్‌బాక్స్’ బ్యాండ్ గాయకుడు ఆంద్రీ ఖ్లివ్‌న్యుక్ అమెరికా కచేరీలు వదిలేసి వచ్చి, తుపాకీ భుజాన వేసుకుని, కీవ్ సోఫియా కూడలిలో నిలబడి ఒక పాట పాడాడు. 1914 నాటిది. పాత కొసాక్కు పాట నుంచి స్తెపాన్ చర్నెత్‌స్కీ అనే కవి మలిచింది, వాలిపోయిన ఎర్ర కలీనా కొమ్మని మళ్ళీ లేపుతామని పాట. కలీనా అంటే ఎర్ర పళ్ళు కాసే పొద. వాయిద్యం లేదు, ఉత్త గొంతు. ఆ గొంతుని తీసుకుని ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ చుట్టూ గిటార్లు, డ్రమ్స్ పేర్చింది, ఏప్రిల్ 8న విడుదల. 1994 తర్వాత ఆ బ్యాండ్ పేరు మీద వచ్చిన మొదటి కొత్త రికార్డింగ్ అది. ఇక్కడా అదే సంగతి చూడండి: ముందు గొంతు, తర్వాత గిటారు.

అదే ఏడు మే నెలలో ‘కలూష్ ఆర్కెస్ట్రా’ ట్యూరిన్‌లో యూరోవిజన్ గెలిచింది, 631 పాయింట్లు. కలూష్ మా ఇవానో-ఫ్రాంకీవ్‌స్క్ పక్క ఊరే, నేను బస్సులో వెళ్ళిన ఊరు. ర్యాప్ మధ్యలో సోపిల్కా, ఇంకా ‘తెలెంకా’ అని వేళ్ళ రంధ్రాలు లేని ఒక పిల్లనగ్రోవి. అమ్మ మీద పాట. ఆ రాత్రి నేను ఏడ్చాను, దాచను. అయితే ఆ తర్వాత రెండేళ్ళలో వచ్చిన పాటలు వింటుంటే కాస్త బెరుకు కలిగింది. ప్రతి పాటలోనూ ఒక సోపిల్కా కూత, ఒక కుట్టుపని చొక్కా, కలీనా పండు. యుద్ధంలో ఉన్న జనానికి ఏ పాట ధైర్యమిస్తే అదే మంచి పాట, దూరాన ఏసీ గదిలో కూర్చుని వంకలు పెట్టడానికి నేనెవర్ని? అయినా చెవి ఊరుకోదు. ప్యాంటు మళ్ళీ వస్తోందని చెబుతుంది.

నాకిచ్చిన టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

2021 మే. ఇక్కడ కోవిడ్ రెండో వేవ్. రాత్రి డ్యూటీ, పీపీఈ కిట్ విప్పి అర్ధరాత్రి దాటాక ఫోన్లో ‘షుమ్’ చూశాను. మర్నాడు బాబాకి వీడియో కాల్ చేశాను. ఎలా ఉంది అన్నాను. “పిల్ల గొంతు బాగుంది. మా పాట కాదది, ఉత్తరం వాళ్ళది. మేము ఈస్టరుకి గుడి చుట్టూ తిరుగుతూ పాడతాం, వాటిని హాయివ్కీ అంటాం, అవి వేరే” అంది. పాడమన్నాను. ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి ఎత్తుకుంది. నాకేమో ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. ఫోనులో చుట్టుపక్కల రొదని కోసేసే ఏర్పాటు ఉంటుంది కదా, అది బాబా గొంతుని రొద అనుకుని కోసేస్తోంది. “దూరంగా జరుగు బాబా” అన్నాను. వంటింటి అవతలి గోడ దాకా వెళ్ళి నిలబడి, మళ్ళీ మొదట్నుంచి పాడింది. నేను ఇటు వేరే ఫోన్లో రికార్డు చేశాను. వెనకాల కుక్కర్ కూత వినపడుతుంది, అది మా ఇంట్లోది.

(పాట వినిపించారు)